పన్నూడిన చెక్క

డిసెంబరు పదో తారీకు నుంచే
మా వీధిలో చెక్క కోసం వరస మొదలైతాది.
కర్జికాయల చెక్క. పేరుకే చెక్క, ఉండేది సత్తుది.
ఎవరు కొన్నారో ఎవరికీ గుర్తు లేదు.
రంజానుకు మాబున్ని ఇంట్లో,
ఉగాదికి ఓబుళమ్మ ఇంట్లో,
మధ్యలో ఎవరి కూతురికి నెలలు నిండుతుంటే వాళ్లింట్లో.
క్రిస్మస్ నెలలో మాత్రం అది మాది.

ఈసారి వచ్చేటప్పటికి
దాని అంచున ఒక పన్ను ఊడిపోయుండాది.
"మా మనవడు దీంతో మేకు కొట్టినాడు సువార్తా" అని
మాబున్ని చెంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది.
ఏమనేది? తీసుకున్నా.

యోనా బండల ఫ్యాక్టరీ నుంచి వచ్చేసరికి ఏడున్నర.
కనురెప్పల మీద కూడా రాతిపొడి.
"సున్నం ఇంటికి కొట్టమంటే నీకు కొట్టుకున్నావే" అంటాది మా అత్త.
ప్రతి డిసెంబరూ అదే మాట,
ప్రతి డిసెంబరూ ఆయన కొత్తగా విన్నట్టే నవ్వుతాడు.
రెండు బకెట్ల నీళ్లయితేగానీ
నా మొగుడు బయటపడడు.

మా ఇంటి నేలంతా పగిలిన బండముక్కలే,
ఫ్యాక్టరీవాళ్లు పారేస్తే సైకిలు మీద మోసుకొచ్చినవి.
ఏ రెండూ ఒక కొలత కాదు.
పండగ ముందర అత్త వాటిని
కొబ్బరిపీచూ, చుక్క శెనక్కాయ నూనే పెట్టి రుద్దుతాది.
రుద్దేటప్పుడు కీర్తన పాడదు, లెక్కలు పాడుతాది:
బెల్లం ఎంత, ఎండుకొబ్బెర ఎంత,
పోయినేడు ఎంత.
సాయంత్రానికి ఆ నల్లటి నేలలో
ట్యూబులైటు పొడుగ్గా పండుకోనుంటాది.

పిండి ఒత్తేది కూడా బండ మీదే.
పెళ్లయిన ఏడాది ఆయన తెచ్చిచ్చిన పలక,
నాలుగు అంచులూ వేలితో తడిమి చూసి
"గీరుకోదులే" అన్నాడు.
అప్పుడు నేను చీర తెచ్చినాడనుకుంటి.

ఇరవై రెండో తారీకు రాత్రి కూర్చున్నాం.
నేను ఒత్తుతా, అత్త కూరుతాది,
తబిత చెక్క మూసి నొక్కుతాది,
యోనా బాండలి దగ్గర జల్లిగంటె పట్టుకొని
బందోబస్తు పోలీసు మాదిరి.
నూనెలో పడిన కర్జికాయ
ఒకసారి మునిగి, ఏదో గుర్తొచ్చినట్టు పైకి లేస్తాది.
ప్రతి దాని అంచునా ఒకే చోట సందు.
సందులోంచి కొబ్బెర కారి నూనె నల్లబడతాంటే
అత్తకు కోపం:
"ఏడాదికొక పండగ, అదీ పన్నూడిన పిండివంట!"
తబిత నోరంతా తెరిచి నవ్వింది.
దానికీ ముందర పన్నొకటి లేదు.
నాటకంలో దేవదూత అది.
శుభవర్తమానం అనమంటే
"ఫుభవర్తమానం" అంటాంది వారం నుంచి.
అత్త దాని నోరు చూసి, చేతిలో కర్జికాయ చూసి,
కోపం యాడ పెట్టిందో మర్చిపోయింది.

నక్షత్రం ఇంకా మిద్దె ఎక్కలేదు.
వెదురుబద్దలకు ఎర్రకాగితం, అన్నం మెతుకులతో అతికించింది,
ఒక కొమ్ము వంగింది.
పెన్నలో ఇసకే ఉండాది గానీ
గండికోట దిక్కునుంచి గాలి మాత్రం తడిగా కొడతాది.
డిష్షు కడ్డీకి కడతాంటే అడిగినా:
"తెల్లారేదాకా ఉంటాదా?"
"ఉన్నంతసేపు ఉంటాది."

రాత్రి రెండుకు పాటలోళ్లు వచ్చినారు,
డోలక్కు ముందు, పాట వెనక.
పాలు చాలక టీలో నీళ్లే ఎక్కువ పోసినా.
తబిత నిద్రమొహంతో తలుపు పట్టుకొని
పద్నాలుగు మందిని లెక్కపెట్టింది.
వాళ్లలో ఒకడు చెప్పులు మార్చుకొని పోయినాడు.
యోనాకు ఈ ఏటి పండగ చెప్పులు అవే,
ఎడమది కొంచెం పెద్దది.

గుడి నుంచి వచ్చి పళ్లాలు పంచినాం.
మాబున్ని కర్జికాయను తిప్పి తిప్పి
సందు మీద వేలు పెట్టి
"ఇదిగో, మావోని సంతకం" అనింది.
ఖాళీ పళ్లెం ఇవ్వకూడదని
గుప్పెడు ఖర్జూరాలు వేసి పంపింది.

వెల్డింగు షాపులో పన్ను కట్టిస్తానన్నాడు యోనా.
చూద్దాంలే అన్నా.
చెక్క కడిగి గూట్లో బోర్లించినా.
ఓబుళమ్మ చిన్నకూతురికి జనవరిలో ఏడో నెల.